పెట్రోలు ఎక్కడ ఆగింది? స్టార్టవ్వని పాత కారును పరీక్షించే పద్ధతి

(అమలాపురంలో పాత కార్ల యజమానులు, షెడ్డుల్లో పని నేర్చుకుంటున్న కుర్రాళ్ల ముందు చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారమండి. ముందు వరుసల్లో కార్లున్న పెద్దలు కూర్చున్నారు, వెనకాల స్పానర్లు పట్టే కుర్రాళ్లున్నారు. ఇద్దరికీ పనికొచ్చేలా చెబుతాను. మధ్యలో అనుమానం వస్తే చెయ్యెత్తండి.

మన డెల్టాలో పాత కార్ల సంగతి మీకు తెలిసిందే. కారు ఊళ్లో ఉంటుంది, మనుషులు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటారు. ఏడాదంతా రేకుల షెడ్డులో కవరు కింద పడి ఉంటుంది. భోగికి ముందు రోజు కవరు తీసి, బ్యాటరీ బిగించి సెల్ఫ్ కొడతారు. ఇంజన్ తిరుగుతుంది, అంటుకోదు. ఇంకోసారి, ఇంకోసారి కొట్టేసరికి బ్యాటరీ కూర్చుంటుంది. మెకానిక్కుకి ఫోను వెళ్తుంది. పండగ రద్దీలో ఆయనకి ఊపిరాడదు. వచ్చి పెట్రోలు పంపు మార్చేస్తాడు. అప్పటికీ అంటుకోకపోతే కార్బురేటరు, అంటే పెట్రోలుని గాలితో కలిపి ఇంజనుకిచ్చే భాగం, విప్పుతాడు. చివరికి చూస్తే చాలాసార్లు ఆ రెండూ బాగానే ఉంటాయి, తప్పు ఇంకెక్కడో ఉంటుంది.

అందుకని ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఒక్కటేనండి. పెట్రోలు ఎక్కడిదాకా వచ్చి ఆగిందో తేల్చుకోకుండా ఏ సామానూ మార్చొద్దు.

శివారు చేనుకి నీరందకపోతే రైతు ఏం చేస్తాడు? చేలో కూర్చోడు కదా. బోదె గట్టు మీద పైకి నడుస్తాడు. బోదెలో నీళ్లు లేవా, పిల్లకాలువ చూస్తాడు. అక్కడా లేవా, తూము దాకా వెళ్తాడు. నీళ్లు కనబడ్డ చోటుకీ కనబడని చోటుకీ మధ్యనే అడ్డు ఉంటుందని ఆయనకి తెలుసు. కారులో పెట్రోలు దారిని కూడా అలాగే చూడాలి. ట్యాంకు, అందులోంచి పీల్చే గొట్టం, కారు కింద పొడుగునా వెళ్లే ఇనప పైపు, రబ్బరు పైపులు, ఫిల్టరు, పంపు, కార్బురేటరులో నీడిల్ వాల్వు (గిన్నెలోకి పెట్రోలుని వదిలే ముల్లు), ఫ్లోట్ గిన్నె (పెట్రోలు నిలిచే చిన్న గిన్నె), జెట్లు (పెట్రోలు వెళ్లే సన్న రంధ్రాలు). దారి ఇంతే.

ఎక్కువగా కార్బురేటరు బళ్ల గురించే మాట్లాడతాను. 1489 సీసీ పెట్రోలు అంబాసిడర్, 1089 సీసీ ప్రీమియర్ పద్మిని, 796 సీసీ పాత మారుతి 800, ఓమ్నీ. ఈ బళ్లలో పంపు ఇంజన్ మీదే ఉంటుంది, ఇంజనుతో పాటు తిరిగే కామ్ తోసే లీవరుతో నడుస్తుంది. 2000 తర్వాత వచ్చిన ఎంపీఎఫ్ఐ బళ్ల (కార్బురేటరు బదులు ఇంజెక్టర్లు పెట్రోలు చిమ్మే బళ్లు) పంపు ట్యాంకులో ఉంటుంది, కరెంటుతో నడుస్తుంది. వాటి సంగతి తర్వాత చెబుతాను.

ముందు ప్రాణం సంగతి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు. నేల మీద పాకుతుంది, సర్వీసు గుంటలో చేరి నిలబడుతుంది. అందుకని ఈ పరీక్షలన్నీ ఆరుబయట చెయ్యండి. బీడీ, సిగరెట్టు, దగ్గర్లో వెల్డింగు, ఏవీ ఉండకూడదు. డ్రై పౌడర్ సిలిండరు చేతికందేలా ఉండాలి. లేదంటే కనీసం రెండు బకెట్ల పొడి ఇసక. పెట్రోలు మంట మీద నీళ్లు పోస్తే మంట నీళ్ల మీద తేలి ఇంకా దూరం పాకుతుంది. నోటితో పైపు పీల్చి పెట్రోలు తీసే అలవాటు పూర్తిగా మానెయ్యాలండి. అది ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి ఆసుపత్రి పాలవుతాడు. చవగ్గా చేతి పంపు దొరుకుతుంటే ఆ పని ఎందుకు?

ఇక పని. ఇంజన్ అంటుకోవడానికి మూడు కావాలి. కంప్రెషన్ (సిలిండరులో గాలి గట్టిగా నొక్కుకోవడం), సరైన టైములో స్పార్కు, గాలితో కలిసిన పెట్రోలు. పెట్రోలును అనుమానించే ముందు కరెంటును చూడాలి, ఎందుకంటే అది చూడ్డం తేలిక. ఏడాదిపాటు పక్కన పెట్టిన బ్యాటరీని నమ్మొద్దు. నిండుగా ఉంటే 12.6 వోల్టులు చూపిస్తుంది, 12.2కి వచ్చిందంటే సగం అయిపోయినట్టే. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతుంటే ముందు బ్యాటరీ చార్జి పెట్టండి. పాత పాయింట్ల ఇగ్నిషన్‌లో, అంటే కరెంటుని కలిపి విడదీసే పాయింట్లతో స్పార్కు పుట్టించే ఏర్పాటులో, వోల్టేజీ పడితే స్పార్కు కూడా నీరసిస్తుంది. అప్పుడు పెట్రోలు సక్రమంగా వచ్చినా అంటుకోదు, నింద మాత్రం పెట్రోలు మీద పడుతుంది.

స్పార్కు చూడ్డానికి ఒక ప్లగ్గు విప్పి, తీగకి తగిలించి, ఇంజన్ ఇనుముకి ఆనించి పట్టుకోవాలి. ప్లగ్గు విప్పిన రంధ్రానికి దూరంగా పట్టుకోవాలి, అందులోంచి పెట్రోలు ఆవిరి బయటికొస్తుంది. సెల్ఫ్ కొడితే నీలంగా, చిటచిటమని కొట్టాలి. ఎర్రగా, సన్నగా, ఆగి ఆగి కొడితే పాయింట్లు, కండెన్సరు, కాయిల్ చూసుకోండి. మన వాతావరణంలో పాయింట్ల మీద పొర పట్టడం మామూలే, ముఖ్యంగా అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి తగిలే ఊళ్లలో. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ బళ్లలో ప్లగ్గు తీగని గాలిలో వేలాడదీసి సెల్ఫ్ కొట్టకండి, ఇగ్నిషన్ మాడ్యూల్ పోతుంది.

స్పార్కు బాగుంటే ఆ ప్లగ్గునే జాగ్రత్తగా చూడండి. పది సెకన్లు సెల్ఫ్ కొట్టాక విప్పిన ప్లగ్గు ఎన్నో విషయాలు చెబుతుంది. పింగాణీ మొన తడిగా మెరుస్తూ పెట్రోలు వాసన వస్తే పెట్రోలు సిలిండరు దాకా వస్తోంది. రావడమే కాదు, ఎక్కువై ముంచేసి ఉండొచ్చు. మొన పొడిగా ఉండి వాసనే లేకపోతే పెట్రోలు రావడం లేదు. తడిగా ఉండి మొన దగ్గర చిన్న చిన్న బొట్లు నిలబడి, తుడిచిన గుడ్డ ఆరకపోతే అది నీరు. మూడింటికీ మూడు వేరే దారులు. ఈ ఒక్క పని చెయ్యకుండా పంపు విప్పేవాడు చీకట్లో వెతుకుతున్నట్టే.

ప్లగ్గు పొడిగా ఉందనుకోండి. ఎయిర్ ఫిల్టరు మూత తీసి, కార్బురేటరు గొంతులో ఒక టీ చెంచాడు పెట్రోలు పొయ్యండి, అంటే 5 మిల్లీలీటర్లు. డబ్బా మూతపెట్టి దూరంగా పెట్టెయ్యండి. ఎయిర్ ఫిల్టరు మూత తిరిగి బిగించండి. అప్పుడే సెల్ఫ్ కొట్టాలి. మూత లేకుండా కొడితే వెనక్కి తన్నిన మంట మొహం మీదికొస్తుంది. ఇంజన్ తిరుగుతుండగా పొయ్యడం అసలు వద్దు. రెండు మూడు సెకన్లు గట్టిగా అంటుకుని ఆగిపోతే స్పార్కు, టైమింగు, కంప్రెషన్ మూడూ సరిగ్గా ఉన్నట్టు. కొరత ఒక్క పెట్రోలు సరఫరాలోనే ఉంది. ఒక్క పేలుడు కూడా లేకపోతే పెట్రోలు దారి వదిలేసి మళ్లీ ఇగ్నిషన్ దగ్గరికి వెళ్లండి.

ఇక్కడ చిన్న మాట. మీటరు ముల్లుని నమ్మొద్దు. పాత కార్లలో ట్యాంకు లోపలి ఫ్లోటు చెయ్యి తుప్పు పట్టి పావు దగ్గర ఇరుక్కుంటుంది, ట్యాంకు ఖాళీ అయినా ముల్లు దిగదు. 5 లీటర్లు కొత్త పెట్రోలు పోసి అప్పుడు మొదలుపెట్టండి. ఎల్పీజీ కిట్టు పెట్టించిన బండైతే స్విచ్చి పెట్రోలు వైపు ఉందో లేదో చూడండి. గ్యాసు వైపు ఉంటే పెట్రోలు సోలినాయిడ్, అంటే కరెంటుతో తెరుచుకునే వాల్వు, మూసుకుని ఉంటుంది. చాలాకాలం గ్యాసు మీదే నడిచిన బళ్లలో ఆ సోలినాయిడే బిగుసుకుపోతుంది కూడా.

ఇప్పుడు దారి వెంట పైకి నడుద్దాం. మొదటి మజిలీ కార్బురేటరు గిన్నె. పద్మిని సోలెక్స్ కార్బురేటరుకీ, మారుతి 800 కార్బురేటరుకీ యాక్సిలరేటర్ పంపు (యాక్సిలరేటర్ తొక్కగానే గొంతులోకి పెట్రోలు చిమ్మేది) ఉంటుంది. ఎయిర్ ఫిల్టరు తీసి, ఇంజన్ ఆపి, టార్చి వేసి గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ తీగని చేత్తో ఒక్కసారి లాగండి. సన్నటి ధార గట్టిగా చిమ్మాలి. చిమ్మితే గిన్నెలో పెట్రోలు ఉంది, అడ్డు జెట్లలో ఉంది. చిమ్మకపోతే గిన్నె ఎండిపోయి ఉండొచ్చు. ఎస్‌యూ కార్బురేటరు ఉన్న అంబాసిడర్‌లో ఇది చూడకండి, దానికి యాక్సిలరేటర్ పంపు ఉండదు. దానికి గిన్నె మూత స్క్రూలు విప్పి చూడాల్సిందే.

గిన్నె ఖాళీ అని తేలితే పంపు దగ్గరికి. కార్బురేటరు వైపు పైపు ఊడదీసి ఒక గాజు సీసాలో పెట్టండి. ప్లాస్టిక్ బకెట్టు వద్దు, స్థిరవిద్యుత్తుతో నిప్పురవ్వ పుట్టొచ్చు. కాయిల్‌కి వెళ్లే తీగ తీసేసి స్పార్కు రాకుండా చేసి, 15 సెకన్లు సెల్ఫ్ కొట్టించండి. ఇంజన్ రెండు చుట్లు తిరిగితే పంపు ఒక్కసారి కొడుతుంది. కాబట్టి ధార ఏకబిగిన రాదు, విడతలు విడతలుగా వస్తుంది. ప్రతి విడతా లావుగా, బుడగల్లేకుండా ఉండాలి. 15 సెకన్లలో 50 మిల్లీలీటర్లయినా రావాలి, అంటే టీ గ్లాసులో సగం. అంతొస్తే సరఫరా బాగుంది, తప్పు కార్బురేటరులోనే. నురగలా బుడగలతో వస్తే పంపు ఎక్కడో గాలి పీలుస్తోంది. అసలేమీ రాకపోతే పంపు చెడిందో, దానికి వెనక అడ్డుందో ఇంకా తేలలేదు. చాలామంది పంపు మార్చేది ఇక్కడేనండి. ఇక్కడ ఇంకొక్క పరీక్ష మిగిలి ఉంది, అది అన్నిటికంటే విలువైంది.

ట్యాంకు నుంచి పంపుకొచ్చే పైపు ఊడదీసి దాని నోరు మూసెయ్యండి. పంపు ముక్కుకి అర మీటరు కొత్త రబ్బరు పైపు తగిలించి, రెండో కొస లీటరు కొత్త పెట్రోలున్న ఇనప డబ్బాలో ముంచండి. డబ్బా కదలకుండా, ఎగ్జాస్టుకి దూరంగా పెట్టాలి. మళ్లీ సెల్ఫ్ కొట్టించండి. ఇప్పుడు ధార వస్తే పంపుకి ఏ తప్పూ లేదు, అడ్డు వెనక ఉంది. ఇప్పటికీ రాకపోతే అప్పుడు నిశ్చింతగా పంపు విప్పండి. ఐదు నిమిషాల పని ఇది. సగం దారిని ఒక్కదెబ్బతో పక్కన పెట్టేస్తుంది.

వెనక ఉందని తేలింది. పంపుకి వెనకున్న దారంతా పీల్చే వైపు. ఇక్కడ పైపు పగిలితే పెట్రోలు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. చుక్క కనబడదు, వాసన రాదు, పంపు గాలి పీలుస్తూ కూర్చుంటుంది. అందుకే ఎక్కడా లీకు లేదు కదా అని పైపుల్ని వదిలెయ్యకూడదు. రబ్బరు పైపుని వేళ్ల మధ్య మడిచి చూడండి. పైన నెర్రెలు విచ్చినా, నొక్కితే మెత్తగా జిగటగా అనిపించినా మార్చెయ్యాలి. ట్యాంకు దగ్గర, కారు కింద ఇనప పైపు మొదలయ్యే చోట, పంపు దగ్గర, ఈ మూడు చోట్లా చిన్న చిన్న రబ్బరు ముక్కలుంటాయి. కనబడే ముక్కని మార్చి కనబడనివాటిని వదిలేస్తారు. మూడూ ఒకేసారి మార్చాలి, క్లిప్పులతో సహా.

ఈ రబ్బరు సంగతి ఇప్పుడు ఇంకా ముఖ్యం. 2022 నాటికి మన పెట్రోలులో 10 శాతం ఇథనాల్ కలిసింది, ఇప్పుడది 20 శాతానికి వచ్చింది. 2023 ఏప్రిల్ నుంచి తయారైన బళ్ల రబ్బర్లు, సీళ్లు దీన్ని తట్టుకునేలా చేశారు. పాత అంబాసిడర్ పైపు అలా చేసింది కాదు. ఇథనాల్ తగిలితే లోపలి పొర ఉబ్బి, మెత్తబడి, నల్లటి పలుకులుగా ఊడుతుంది. ఒక్కోసారి లోపలి పొర విడిపోయి రేకులా అడ్డం పడుతుంది. పైనుంచి పైపు కొత్తదిలా ఉంటుంది, లోపల దారి మూసుకుపోయి ఉంటుంది. పైపు కొనేటప్పుడు ఇథనాల్ తట్టుకునే ఫ్యూయల్ పైపు కావాలని అడగండి, పైపు మీద ఆర్9 అని అచ్చు ఉందో లేదో చూడండి. నీళ్ల పైపు, అక్వేరియం పైపు ముక్కలు పెట్టిన బళ్లు ఎన్నో తిరుగుతున్నాయి. అవి వారాల్లోనే గట్టిపడి విరిగిపోతాయి.

తర్వాత ట్యాంకు. పెట్రోలు బయటికి వెళ్తుంటే ఆ ఖాళీలోకి గాలి రావాలి. మూతలో ఉన్న సన్న రంధ్రం గానీ, బ్రీదర్ పైపు గానీ మూసుకుపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి పంపు లాగలేదు. బండి పది ఇరవై నిమిషాలు నడిచి ఆగుతుంది, కాసేపాగితే మళ్లీ కదులుతుంది. ఆగిన వెంటనే మూత తిప్పండి. గాలి లోపలికి పోతూ బుస్సుమంటే తప్పు దొరికినట్టే. మట్టితో గూళ్లు కట్టే కందిరీగలు మన ఊళ్లలో ఎక్కువ. పక్కన పెట్టిన కారు బ్రీదర్ పైపు వాటికి అనువుగా దొరుకుతుంది. పైపు కొసలో గట్టిగా ఎండిన మట్టి కనబడితే సన్న తీగతో తీసి, అప్పుడు గాలి కొట్టండి. గాలే ముందు కొడితే మట్టి లోపలికి పోతుంది.

ట్యాంకు లోపల పీల్చే గొట్టం కొసకి జాలీ ఉంటుంది. ఎక్కువ రోజులు రిజర్వులో వదిలేసిన ట్యాంకులో ఖాళీ గోడల మీద రాత్రిపూట తేమ చెమర్చి తుప్పు పడుతుంది. ఆ తుప్పు పొడి వచ్చి జాలీకి అంటుకుంటుంది. పంపు పైపు ట్యాంకు వైపుకి 1 కేజీ లోపు ఒత్తిడితో గాలి మెల్లగా కొడితే, మూత తీసి ఉన్న ట్యాంకులో బుడబుడమన్న శబ్దం వినబడాలి. వినబడి, ఆ తర్వాత బండి ఒకట్రెండు రోజులు బాగా నడిచి మళ్లీ ఆగిందంటే జాలీ మళ్లీ మూసుకుంది. అప్పుడు ట్యాంకు దించి కడగడమే మార్గం. గాలి కొట్టేముందు పైపుని పంపు నుంచి ఊడదియ్యడం మరవకండి, లేకపోతే పంపులోని డయాఫ్రమ్, అంటే పెట్రోలుని లాగి తోసే పలుచటి పొర, చిరుగుతుంది.

నీటి పరీక్ష కూడా ఇక్కడే. ట్యాంకు అడుగు నుంచి అర లీటరు పెట్రోలు తెల్లటి గాజు సీసాలోకి తీసి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. నీరు బరువు కాబట్టి అడుగున గీత గీసినట్టు వేరే పొర కడుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలుకి ఇంకో గుణముంది. కొంత నీటిని అది తనలోనే కలిపేసుకుంటుంది. 10 శాతం ఇథనాల్ ఉన్న 10 లీటర్ల పెట్రోలు సుమారు 50 మిల్లీలీటర్ల నీటిని మోస్తుంది. అంతకు మించితే ఇథనాల్ కూడా నీటితో పాటు విడిపోయి అడుగుకి చేరుతుంది. పంపు మొదట పీల్చేది ఆ అడుగు పొరనే. దానితో ఇంజన్ అంటుకోదు. విడిపోయిన పెట్రోలుని ట్యాంకు ఊపి గానీ, మందు పోసి గానీ కలపలేం. పూర్తిగా దించెయ్యాలి.

పాత పెట్రోలు సంగతి. పెట్రోలులో తేలిగ్గా ఆవిరయ్యే భాగాలే చల్లటి ఇంజన్‌ని అంటిస్తాయి, నిల్వ ఉంటే ముందు ఎగిరిపోయేవీ అవే. ఆరు నెలలు దాటితే వాసన మారిపోతుంది, వార్నిషులా ఘాటుగా వస్తుంది. గిన్నెలో ఉన్న కొంచెం పెట్రోలు కొన్ని వారాల్లోనే ఆవిరై, గోధుమ రంగు జిగురు మిగులుస్తుంది. సంక్రాంతి కార్లు సంక్రాంతికి అంటుకోకపోవడానికి మొదటి కారణం ఇదేనండి.

ఫిల్టరు గురించి రెండు మాటలు. బాణం గుర్తు పంపు వైపుండాలి. గాజులా కనబడే ఫిల్టరులో సగమే పెట్రోలుందని కంగారు పడొద్దు, పైన గాలి బుడగ ఉండటం మామూలే. పాత ఫిల్టరుని కోసి కాగితం మడతలు విప్పి చూస్తే వెనక ఏం జరుగుతోందో తెలుస్తుంది. గోధుమ రంగు పొడి ట్యాంకు తుప్పు, నల్లటి పలుకులు పైపు లోపలి రబ్బరు, తెల్లటి పిండి అల్యూమినియం భాగాలు తింటున్న తేమ. పాత ట్యాంకులో మొదటిసారి ఇథనాల్ పెట్రోలు పోస్తే అది ఏళ్లనాటి జిగురుని కరిగించి తెచ్చి ఫిల్టరులో పోస్తుంది. కాబట్టి మొదటి 500 కిలోమీటర్లలో రెండుసార్లయినా మార్చండి.

పంపే చెడిందని డబ్బా పరీక్షలో తేలితే, విప్పి చూడండి. లీవరు, స్ప్రింగు, డయాఫ్రమ్, లోపలికి ఒకటి బయటికి ఒకటి చొప్పున రెండు వాల్వులు, అంతే సరంజామా. పంపు విప్పే ముందు ఇంజనాయిల్ డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. ఆయిలు మట్టం పెరిగి పెట్రోలు వాసన వస్తే డయాఫ్రమ్ చిరిగి పెట్రోలు ఆయిలు చాంబరులోకి పోతోంది. ఆ ఆయిలుతో ఇంజన్ నడపకూడదు, బేరింగులు అరుగుతాయి, ఆవిరి అంటుకునే ప్రమాదమూ ఉంది. పంపు మార్చి, ఆయిలు కూడా మార్చాలి. డయాఫ్రమ్ బాగుండి ధార నీరసంగా ఉంటే వాల్వు కింద నలక ఉంటుంది. మూడు పైపుల పంపులో మిగులు పెట్రోలుని ట్యాంకుకి తిరిగి పంపే రిటర్ను పైపుని వేరే ముక్కుకి తగిలిస్తే కొత్త పంపు కూడా పనిచెయ్యదు, విప్పేటప్పుడే గుర్తు పెట్టుకోండి.

బిగించేటప్పుడు పంపుకీ ఇంజనుకీ మధ్యనున్న నల్లటి మందపాటి దిమ్మ, గ్యాస్కెట్లు ఎన్ని తీశారో అన్నీ అదే మందంలో వెయ్యండి. మందం పెరిగితే కామ్ లీవరుని పూర్తిగా నొక్కదు, సరఫరా తగ్గుతుంది. తగ్గితే లీవరు మీద బరువు పడి విరుగుతుంది. చేత్తో నొక్కే లీవరున్న పంపైతే, నొక్కినప్పుడు బిగువే తగలకపోతే పంపు పాడైందనుకోకండి. కామ్ అప్పటికే లీవరుని పైకి ఎత్తి ఉంచింది. ఇంజన్ ఒక చుట్టు తిప్పి మళ్లీ నొక్కండి. ఈ రకం పంపుల ఒత్తిడి 0.2 నుంచి 0.3 కేజీలు మాత్రమే. ఎక్కువ బలమని బయట కరెంటు పంపు తెచ్చి పెడితే నీడిల్ వాల్వు ఆ ఒత్తిడికి ఆగక గిన్నె పొంగిపోతుంది.

కార్బురేటరు. నీడిల్ వాల్వు జిగురుకి అంటుకుని మూసుకుపోతే గిన్నె నిండదు. గిన్నె పక్కన స్క్రూడ్రైవరు పిడితో నెమ్మదిగా రెండు దెబ్బలు తడితే ఒక్కోసారి వదులుతుంది. వదిలినా విప్పి కడగాల్సిందే. తెరుచుకుని ఉండిపోతే పొంగుతుంది. ఫ్లోటు తీసి చెవి దగ్గర ఊపండి, లోపల పెట్రోలు గలగలలాడితే అది మునిగిపోతోంది. వేడినీళ్లలో ముంచితే చిల్లు దగ్గర బుడగ వస్తుంది. జెట్టులో తీగ దూర్చకండి. ఆ రంధ్రం కొలతే మిశ్రమాన్ని నిర్ణయిస్తుంది, ఒక్క గీత పడ్డా లెక్క మారిపోతుంది. కార్బురేటరు క్లీనరులో నానబెట్టి గాలి కొట్టండి. మారుతి 800 కార్బురేటరుకి ఫ్యూయల్ కట్ సోలినాయిడ్ ఉంటుంది. కీ ఆన్ చెయ్యగానే టిక్కుమనాలి. అనకపోతే 12 వోల్టులు వస్తున్నాయో లేదో చూడండి. అది పనిచెయ్యకపోతే ఐడిలింగులో ఇంజన్ నిలబడదు.

ప్లగ్గులు తడిసి ముంచేసిన ఇంజనుకి చోక్ (చల్లటి ఇంజనుకి గాలి తగ్గించే పలక) ఆఫ్ చేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి, పది సెకన్లు సెల్ఫ్ కొట్టండి. ఒక నిమిషం ఆగి ఇంకోసారి. చాలాసార్లు అంటుకుంటుంది.

రోహిణి కార్తె ఎండల్లో ఇంకో బాధ. బండి బాగా నడిచి, రావులపాలెంలో పావుగంట ఆపి తిరిగి సెల్ఫ్ కొడితే అంటుకోదు. ఇంజన్ వేడికి పంపులో, పైపులో పెట్రోలు ఆవిరై బుడగ కడుతుంది, పంపు ఆవిరిని తొయ్యలేదు. పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగండి, వేడి ఎగ్జాస్టు మీద మాత్రం నీళ్లు పడనివ్వకండి. శాశ్వతంగా పోవాలంటే ఎగ్జాస్టుకీ పైపుకీ మధ్య ఉండాల్సిన రేకు తిరిగి బిగించాలి, పైపుని ఎగ్జాస్టుకి దూరంగా తిప్పాలి.

ఎంపీఎఫ్ఐ బళ్లకి వద్దాం. కీ ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా, వెనక సీటు దగ్గర చెవి పెట్టండి. రెండు మూడు సెకన్లు పంపు గుయ్యిమని ఆగాలి. వినబడకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే (పంపుకి కరెంటు వదిలే స్విచ్చి), ఆ తర్వాత పంపు కనెక్టరు చూడండి. అదే సైజు రిలే హారనుదో లైట్లదో ఉంటే, పిన్నులు అవే అయితే, మార్చి పెట్టి చూడటమే తేలికైన పరీక్ష. ఫోర్డ్ ఐకాన్, ఫియట్ పాలియో లాంటి బళ్లలో గట్టి కుదుపు తగిలితే పంపుని ఆపేసే స్విచ్చి ఉంటుంది, దాని బొత్తాం నొక్కి చూడండి. కనెక్టరు దగ్గర పంపు నడుస్తుండగా వోల్టేజీ కొలవండి. బ్యాటరీ 12.4 ఉండి ఇక్కడ 10.5 వస్తుంటే పంపు కాదు, తీగ చెడింది. మన ఉప్పుగాలికి ఎర్త్ బోల్టు కిందే ఎక్కువగా తుప్పు పడుతుంది. వోల్టులు సరిగ్గా ఉండి పంపు తిరగకపోతే, ఒకరు సెల్ఫ్ కొడుతుండగా రబ్బరు సుత్తితో ట్యాంకు అడుగున తట్టండి. అప్పుడు తిరిగితే బ్రష్షులు అరిగిపోయాయి, పంపు మార్చాలి.

పంపు తిరిగినా గేజీ పెట్టి ఒత్తిడి చూడాలి. ఈ బళ్లలో ఎక్కువ వాటికి 2.5 నుంచి 3 కేజీల మధ్య ఉండాలి, కచ్చితమైన అంకె ఆ బండి మాన్యువల్‌లో చూసుకోండి. ఆపాక కొన్ని నిమిషాలు ఒత్తిడి నిలబడాలి. చటుక్కున పడిపోతే పంపులోని చెక్ వాల్వో, రెగ్యులేటరో, కారుతున్న ఇంజెక్టరో కారణం. ఆ ఒత్తిడిలో పైపు ఊడదీస్తే పెట్రోలు కళ్లలోకి చిమ్ముతుంది. పంపు ఫ్యూజు తీసి ఇంజన్ ఆగేదాకా నడిపి, గుడ్డ కప్పి అప్పుడు విప్పండి. ఎప్పుడూ రిజర్వులో తిప్పే అలవాటుంటే మానండి, ఆ మోటారుని చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. ఇంకో మాట, ఈ బళ్లలో స్పార్కూ పెట్రోలూ రెండూ ఒకేసారి లేకపోతే పంపు జోలికి పోకండి. ఇంజన్ తిరుగుతోందని కంప్యూటరుకి చెప్పే క్రాంక్ సెన్సారు, మెయిన్ రిలే చూడండి.

(సభలోంచి: వరద నీళ్లలో నిలబడ్డ కారండీ?)

లంక గ్రామాల్లో ఇది ప్రతి ఆగస్టులో వచ్చే ప్రశ్నేనండి. సెల్ఫ్ కొట్టొద్దు. ముందు బ్యాటరీ తీగ తియ్యండి. ప్లగ్గులన్నీ విప్పి, చేత్తో ఇంజన్ తిప్పి సిలిండర్లలోని నీరు బయటికి పంపాలి. నీరుండగా సెల్ఫ్ కొడితే నీరు నొక్కుకుపోదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఆయిలు తెల్లగా పాలలా ఉంటే మార్చాలి. ట్యాంకు మూత, బ్రీదర్ నీట మునిగి ఉంటే ట్యాంకు పూర్తిగా ఖాళీ చెయ్యండి. పైన పెట్రోలు తేలుతోంది కదా అని అడుగు మాత్రం తీసి వదిలెయ్యకండి.

(మరో ప్రశ్న: మాది డీజిల్ అంబాసిడర్. అందులోనూ ఇలాగేనా?)

దారి అదే, జబ్బు వేరు. డీజిల్లో ఎక్కువగా గాలే అడ్డు. ఫిల్టరు మార్చాక గాలి తియ్యకపోవడం, ఏదో వాషరు దగ్గర గాలి పీల్చడం, ఈ రెండే ఎక్కువ. ఫిల్టరు పైనున్న, గాలి తీసే బ్లీడ్ స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ నురగ పోయి గట్టి ధార వచ్చాక బిగించండి. తర్వాత ఇంజెక్టర్ల నట్లు అర చుట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టి, డీజిల్ చిమ్మగానే బిగించాలి. ఇంజెక్టరు మొన ముందు చెయ్యి పెట్టొద్దు, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దిగుతుంది. అంటుకోకపోతే డీజిల్ ఆపే స్టాప్ సోలినాయిడ్, చల్లటి ఇంజనుని వేడిచేసే గ్లో ప్లగ్గులు చూడండి.

(వెనకనుంచి ఒక కుర్రాడు: సార్, పెట్రోలులో ఇథనాల్ ఎంతుందో షెడ్డులో చూడొచ్చా?)

చూడొచ్చు నాన్నా. గీతలున్న 100 మిల్లీలీటర్ల గాజు గొట్టం తీసుకో. 10 గీత దాకా నీళ్లు, ఆ పైన 100 దాకా పెట్రోలు పొయ్యి. మూతపెట్టి బాగా ఊపి, పది నిమిషాలు నిలబెట్టు. ఇథనాల్ పెట్రోలుని వదిలి నీటిలో కలుస్తుంది, కింద పొర పెరుగుతుంది. ఇథనాల్ లేకపోతే 10 దగ్గరే ఉంటుంది. 20 శాతం ఉంటే 28 దరిదాపుల్లోకి వస్తుంది. అలా పెరగడం కల్తీ కాదు, కలిపి అమ్ముతున్నదే అది. ఆ పెట్రోలు తిరిగి ట్యాంకులో మాత్రం పొయ్యకు.

(ముందు వరుస నుంచి: పండగకి తీసే కారుని మిగతా ఏడాది ఎలా ఉంచమంటారు?)

రెండే పద్ధతులండి. ఊళ్లో ఎవరైనా ఉంటే పదిహేను రోజులకోసారి ఇరవై నిమిషాలు రోడ్డు మీద నడపమనండి. నిలబెట్టి రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపితే లాభం లేదు. ఎవరూ లేకపోతే ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయించండి. పంపుకొచ్చే పైపు తీసి నోరు మూసి, ఇంజన్ దానంతటది ఆగేదాకా నడవనివ్వండి, గిన్నె ఎండిపోతుంది. గిన్నె అడుగున డ్రెయిన్ స్క్రూ ఉంటే మిగిలింది కూడా దించండి. బ్రీదర్ పైపు కొసకి సన్న జాలీ కట్టండి. బ్యాటరీ ఊడదీసి ఇంట్లో పెట్టి నెలకోసారి చార్జి చేయించండి. పండక్కి వచ్చాక 5 లీటర్లు కొత్త పెట్రోలు, కొత్త ఫిల్టరు. గిన్నె ఖాళీగా ఉంటుంది కాబట్టి మొదటిసారి పది సెకన్ల చొప్పున, మధ్యలో నిమిషం ఆగుతూ, నాలుగైదుసార్లు సెల్ఫ్ కొట్టాల్సి వస్తుంది. చేతి లీవరున్న పంపైతే ముందే ఇరవై ముప్పైసార్లు నొక్కితే బ్యాటరీకి ఆ శ్రమ కూడా ఉండదు.